బూర ఊదని రోజు

ఫ్లేస్వేర్ పంచాయతీని మ్యాపులో మొదటిసారి చూసినవాళ్ళు కాగితాన్ని గోటితో గీకుతారు. ఈగ ఏదో పాడు చేసిపోయిందనుకుంటారు. తొమ్మిది వందల పైచిలుకు రాళ్ళు, వాటిలో మనుషులు కాపురముండేవి పదకొండు. ఉన్నవాటిలో ఎత్తయిన గుట్ట ఎక్కి నిలబడినా చర్చి గోపురానికి భుజం దాకా వస్తారు, అంతే. చెట్టన్నది లేదు. నాటినవాళ్ళు లేకపోలేదు, గాలి ఒప్పుకోలేదు. అయినా ఆ రాళ్ళకొక అధ్యక్షుడు, ఒక పంచాయతీ ముద్ర, మంచి రోజుల్లో ఆరువందల పన్నెండుమంది జనాభా ఉండేవారు. ఆ జనాభా లెక్కలో పెత్రికా ఒకతె. ఆమె గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయడానికి ఆమె చేసిన ఘనకార్యమేమీ లేదు కూడా. ఒక మధ్యాహ్నం పూట చెయ్యవలసిన పనొకటి చెయ్యకుండా నిలబడిపోయింది.

పెత్రికా పుట్టింది చర్చి దీవిలో. ఇరవై రెండో ఏట, 1930లో, ఎల్లింగ్‌ని పెళ్ళాడి హోల్మెన్ దీవికి వచ్చింది. చర్చి దీవివాళ్ళకి గొంతులు పెద్దవి. వాళ్ళ రేవులో స్టీమర్లు, ఉప్పు బస్తాలు, ఎండుచేపల బేరాలు. మెల్లగా మాట్లాడితే అక్కడ పని జరగదు. హోల్మెన్‌లో ఉన్నవి అయిదే ఇళ్ళు. ఆ అయిదిళ్ళకీ యజమానులు మనుషులు కారు, ఈడర్ బాతులు.

ఏప్రిల్‌లో ఆ సముద్రపు బాతులు ఒడ్డు దగ్గర నీళ్ళమీద గుంపులుగా చేరాయంటే, జూన్ చివర పిల్లల్ని వెంటేసుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగేదాకా దీవి మొత్తం గొంతు తగ్గించుకోవలసిందే. సుత్తి చప్పుడు వినపడకూడదు. కుక్క అసలుండకూడదు. తీగ మీద కొత్త రంగు గుడ్డ ఆరెయ్యకూడదు. చుట్టాలు రాకూడదు, పిల్లలు పరిగెత్తకూడదు. ఇంటింటికీ గోడవారన రాళ్ళు పేర్చి కట్టిన బుల్లి గూళ్ళుండేవి, లోపల ఎండునాచు పరుపు. బాతులు అందులోకి వచ్చి, తమ రొమ్ము మీది నూగు పీకి గుడ్ల చుట్టూ సర్దుకుని పొదిగేవి. కాకుల నుంచీ గద్దల నుంచీ కాపలా కాయడం మనుషుల వంతు. పిల్లలు వెళ్ళిపోయాక గూట్లో మిగిలిన నూగు మనుషులది, దుప్పట్లలో కూరడానికి మంచి ధర పలికేది. ఈ ఒప్పందాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఫ్లేస్వేర్‌కి పంచాయతీ అనే పేరు రాకముందు నుంచే, రాజుగారి మనుషులు పన్నుకోసం పడవేసుకు రాకముందు నుంచే అది నడుస్తూ వచ్చింది.

అలాంటి చోటికి పకపకా నవ్వే పిల్ల కోడలుగా వస్తే అత్తగారు ఊరుకుంటుందా? ఓలియానా హోల్మెన్‌లోకెల్లా పేరున్న బాతులమనిషి.

"ఏమే అమ్మాయ్, ఆ నవ్వు మీ చర్చి దీవిలోనే వదిలేసి రాలేకపోయావా? నువ్వో నవ్వు నవ్వావంటే పక్క పంచాయతీలో బాతులు కూడా లేచిపోతాయి."

"ఏప్రిల్ దాకా నవ్వుకోనివ్వండి అత్తయ్యా. ఆ తర్వాత నోట్లో గుడ్డ కుక్కుకుంటాను."

"కుక్కుకోడం కాదు, కుట్టించుకో."

ఎల్లింగ్ బంగాళాదుంప తొక్క తీస్తూ, "నీకు సరిజోడుని తెచ్చానే అమ్మా. ఇంక మీరూ మీరూ చూసుకోండి. నేనూ తమ్ముడూ హాయిగా చేపలకి పోతాం," అనేవాడు. తమ్ముడు సేవెరిన్ మాత్రం తల ఎత్తకుండా తినేవాడు. అతనికప్పుడు ఇరవై ఏళ్ళు. వదిన నవ్వితే చెవులు ఎర్రబడేవి.

ఓలియానా నోరు కటువే గాని చెయ్యి మాత్రం మెత్తన. మాసిన గోధుమరంగు కోటు, తలకి బూడిదరంగు గుడ్డ, అవే ఇరవయ్యేళ్ళుగా. వాటిని చూసే బాతులు ఆమెను గుర్తుపట్టేవి. గూటి ముందు చతికిలబడి, ఏదో గొణుగుతూ, పొదుగుతున్న బాతు కడుపు కిందికి చెయ్యి పోనిచ్చి గుడ్లు లెక్కపెట్టేది. బాతు కదిలేది కాదు. పెత్రికా దూరంగా నాచు బుట్ట పట్టుకుని నోరు తెరుచుకు చూసేది. నాలుగేళ్ళు ఆమెకి అప్పజెప్పిన పని నాచు ఎండబెట్టడం, గూళ్ళు ఊడవడం. బాతులు ఒడ్డెక్కాక ఓలియానా గీసిన గీత దాటి గూళ్ళవైపు పోవడానికి లేదు. పోతానంటే, "నీకింకా చర్చి దీవి వాసన పోలేదే," అనేది అత్తగారు. అప్పటికి ఇద్దరి మధ్యా గున్వోర్ అనే మనవరాలు కూడా పాకుతోంది. అయినా గీత గీతే.

1934 మార్చిలో ఓలియానా మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మంచంలోంచి లేవడానికి లేదన్నాడు వైద్యుడు. రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకుని, మూడో రోజు కోడల్ని పిలిచింది.

"ఆ కోటు తీసుకో. ఈ ఏడు బాతులు నీవి."

పెత్రికా కోటు అందుకుంది. అది ఆమెకి మోకాళ్ళ కిందిదాకా ఉంది, చేప నూనె వాసన. తొడుక్కుని అద్దం లేక కిటికీ గాజులో చూసుకుంది. చర్చిలో పెళ్ళినాడు కూడా అంత గర్వపడలేదామె. ఈ ఏడు ఒక్క బాతు తగ్గినా, 'నేను ముందే చెప్పాను' అని అత్తగారు అనకపోయినా కళ్ళతో అంటుంది. తగ్గకూడదు. ఒక్కటీ తగ్గకూడదు. ఆ పంతం మంచి పంతమే. తర్వాత జరిగినదాన్ని బట్టి దాన్ని తప్పుపట్టే హక్కు మనకి లేదు.

ఏప్రిల్ చివర అన్నదమ్ములిద్దరూ లోఫోటెన్ దీవుల్లో కాడ్ చేపల వేట నుంచి తిరిగొచ్చారు. పెత్రికా వాళ్ళని రేవులోనే ఆపి, పెదవి మీద వేలు పెట్టి, ఇంటిదాకా మునివేళ్ళ మీద నడిపించింది. మే ఎనిమిదిన బాతులు ఒడ్డెక్కే సూచన కనబడింది. మూడు వారాలుగా నీళ్ళలో తేలుతూ ఒడ్డును తేరిపార చూస్తున్నవి ఒక్కొక్కటే రాళ్ళమీదికి వస్తున్నాయి. అదే అన్నిటికన్నా సున్నితమైన రోజు. ఆ రోజు బెదిరితే గుంపుకి గుంపు ఇంకో దీవి చూసుకుంటుంది, మళ్ళీ ఏ ఏడూ రాదు. సాన్దోయ దీవివాళ్ళ బాతులు అలాగే పోయాయి. ఎవరి పెళ్ళిలోనో ఎవడో తుపాకి పేల్చాడు. ఆ దీవివాళ్ళు ఇప్పటికీ ఆ పెళ్ళికొడుకు పేరు తలుచుకుని ఉమ్మేస్తారు.

ఆ పొద్దున్నే అన్నదమ్ములు బయటి రాళ్ళ దగ్గర వేసిన వలలు తియ్యడానికి బయల్దేరారు. ఎల్లింగ్ గుమ్మంలో ఆగి గుసగుసగా అన్నాడు:

"ఆ కోటులో అచ్చం మా అమ్మలా ఉన్నావే. ముద్దు పెట్టుకోవాలంటే భయమేస్తోంది."

"అయితే పెట్టుకోకు. పడవని తెడ్లమీద దాటించి అవతలికి పోయాకే ఇంజను వెయ్యండి."

"చిత్తం. మహారాణుల కాపలాదారుగారూ, మీ బాతులకి నా నమస్కారాలు చెప్పండి."

భయమేస్తోందంటూనే ముద్దు పెట్టుకుని పోయాడు. రాళ్ళు దాటాక ఇంజను దుగ్‌దుగ్‌మని అందుకోవడం, అది సన్నబడి పోవడం ఆమె వింటూనే గూళ్ళవైపు నడిచింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి పొగమంచు దిగింది. ఫ్లేస్వేర్‌లో మంచు పడమటి నుంచి గోడలా నడుచుకుంటూ వస్తుంది. వచ్చిందంటే చాచిన చెయ్యి కనపడదు. ప్రతి ఇంట్లోనూ తలుపు పక్కన మేకుకి ఒక రేకు బూర ఉంటుంది. పడవ బయట ఉండగా మంచు పడితే ఇంటి ఆడది ఆ బూర తీసి, పడవ రేవు చేరేదాకా ఊదుతూనే ఉండాలి. ఏ ఇంటి ఊదుడు ఆ ఇంటిదే. ఎల్లింగ్ వాళ్ళది రెండు పొడుగు, ఒక పొట్టి. ఒకరి బూర ఇంకొకరు ఊదితే పడవ దారి తప్పుతుంది కాబట్టి పక్కింటివాళ్ళు ముట్టుకోరు. హోల్మెన్‌కి ఇది మరీ అవసరం, ఎందుకంటే రేవుకి ఎదురుగా నీళ్ళ అడుగున ఒక బండ ఉంది. పేరు ముసలమ్మ. బూర వినగానే దాన్ని కుడిచేతి వైపు వదిలేసి తిరగాలి. బాతుల రోజుల్లో ఊదవచ్చా అంటే, కూడదని ఎవరూ అనలేదు, ఊదాలనీ అనలేదు. అలాంటప్పుడు ఎవరికి వాళ్ళే తేల్చుకునేవారు.

పెత్రికా బూర తీసి చేతిలో పట్టుకుంది. గుమ్మంలోకి వచ్చింది. పది గజాల అవతల బాతులు మంచులోంచి వస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి, మెడలు సాచుకుంటూ. అప్పటికి నలభై ఒకటి.

లోపల్నించి ఓలియానా గొంతు వినపడింది. "మంచు పడిందా?"

"పడింది అత్తయ్యా."

"మరి ఊదవేం?"

"ఇప్పుడే ఎక్కుతున్నాయి. ఇంకా ఇరవై దాకా నీళ్ళలోనే ఉన్నాయి. వాళ్ళకి దారి తెలీదా ఏంటి, ఇంజను వినపడగానే ఊదుతాను."

కాసేపు మంచం కిర్రుమంది.

"ఊదవే అమ్మాయ్."

అత్తగారు ఆ మాట మెల్లగా, మామూలుగా అంది. పెత్రికా దాన్ని మరోలా తీసుకుంది. తనని పరీక్షిస్తోందనుకుంది. ఊదితే రేపు బాతులు తగ్గాయని తెలిసినప్పుడు, 'చూశావా, ఒక్క మాటకే కంగారుపడ్డావు, నీ వల్ల కాదు' అంటుందని అనుకుంది. నాలుగేళ్ళు గీత ఇవతల నిలబడిన మనిషి అలాగే అనుకుంటుంది. బూర పెదవుల దాకా తీసుకెళ్ళి దించేసింది. ఇంజను చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడింది. నలభై ఏడు. నలభై ఎనిమిది. ఇలా ఒక గంట గడిచింది. అరవై రెండో బాతు ఒడ్డెక్కింది. ఆమెకు నిజంగానే ఆనందం వేసింది. ఆ సంగతి తర్వాత ఆమె ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

అప్పుడు మంచులోంచి కొయ్య పగిలిన చప్పుడు వచ్చింది. దగ్గరగా, రేవుకి ఎదురుగా. ఆ వెంటే ఒక కేక.

ఆమె ఊదింది. రెండు పొడుగు, ఒక పొట్టి, రెండు పొడుగు, ఒక పొట్టి, పెదవులు చిట్లి రేకు మీద రక్తం కారేదాకా, పక్కింటివాళ్ళు పడవలు దింపేదాకా, దింపి తిరిగొచ్చేదాకా, వచ్చాక కూడా ఊదింది. చివరికి ఎవరో వేళ్ళు విడదీసి బూర లాక్కున్నారు. సేవెరిన్ ఒక తెడ్డు కావలించుకుని కొట్టుకొచ్చాడు. ఎల్లింగ్ అయిదో రోజున పక్క దీవి నాచులో దొరికాడు.

ఇంకొకటి చెప్పాలి. చెప్పడానికి నాకే మనసు రావడం లేదు. అంత బూర ఊదినా, అంతమంది పరిగెత్తినా, ఆ అరవై రెండు బాతుల్లో ఒక్కటి కూడా పోలేదు. కాసేపు నీళ్ళ అంచుకి జరిగాయి. మర్నాడు పొద్దుటికల్లా గూళ్ళలో ఉన్నాయి.

విచారించడానికి పోలీసు అధికారి, పాస్టరుగారు కలిసి వచ్చారు. సేవెరిన్ దుప్పటి కప్పుకుని వాళ్ళ ఎదుట కూర్చున్నాడు. "ఇంజను నడుస్తోందండీ. ఆ చప్పుడులో చెవిలో నోరుపెట్టి అరిచినా వినపడదు. బూర ఊదినా ఊదకపోయినా ఒకటే," అన్నాడు. ఆ మాటే రాసుకున్నారు. ఆ మాటే పదకొండు దీవులకీ పాకింది. ఆడవాళ్ళు వచ్చి పెత్రికా చెయ్యి పట్టుకుని, "విన్నావుగా, నీ తప్పేం లేదు తల్లీ," అన్నారు. పెత్రికా తల ఊపింది. ఓలియానా ఏమీ అనలేదు. పోయేదాకా ఎప్పుడూ ఏమీ అనలేదు. తిడితే కాళ్ళమీద పడి ఏడుద్దామని కోడలు ఏళ్ళతరబడి ఎదురుచూసింది.

మరుసటి ఏడు చంక కర్ర మీద లేచి తిరగడం మొదలెట్టాక ఓలియానా చిన్నకొడుకుతో, "వదిన్ని చేసుకోరా. పిల్లకి తండ్రవుతావు," అంది. పెత్రికా వంటింట్లో ఉంది, అంతా వినపడుతోంది. సేవెరిన్, "నా వల్ల కాదమ్మా," అన్నాడు. ఎందుకురా అంటే మళ్ళీ అదే మాట. ఆ వారమే అవతలి కొసనున్న పాడుబడ్డ కొట్టం బాగుచేసుకుని వెళ్ళిపోయాడు. నా మొహం చూడలేకపోతున్నాడు, నన్ను క్షమించలేదు, అని పెత్రికా నిశ్చయించుకుంది. అన్నగారు చివరి ఘడియలో పెళ్ళాన్ని ఏమని తిట్టుకున్నాడో ఈయనొక్కడికే తెలుసు, అందుకే ఈ మొహం చాటెయ్యడం. అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అడిగే ధైర్యం లేకపోయింది.

అలాగని వదిలేశాడా అంటే అదీ లేదు. ప్రతి మార్చిలో వచ్చి కూలిన గూళ్ళు పేర్చేవాడు. నాచు మోసేవాడు, పైకప్పు వేసేవాడు, గున్వోర్‌కి తెడ్డు వెయ్యడం నేర్పాడు. కాఫీ ఇస్తే గుమ్మంలో నిలబడి తాగేవాడు. కూర్చోమంటే, "బూట్లు తడి వదినా," అనేవాడు. ఎండ కాసిన రోజు కూడా బూట్లు తడే. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా సంబంధం తెస్తే ఆ నెలంతా వలలు బాగుచేసుకునే పని పడేది.

పెత్రికా బాతుల్ని మాత్రం వదల్లేదు. కూతురు పెద్దదై ఒకసారి అడిగింది, "వాటిని చూస్తే నీకు కోపం రాదా అమ్మా?" అని. "ఇవి కూడా పోతే మీ నాన్న ఎందుకు పోయినట్టే?" అంది పెత్రికా. చర్చి దీవి గొంతు ఆమెలో మళ్ళీ ఎవరూ వినలేదు. బాతులు లేని జనవరిలో కూడా గుసగుసగానే మాట్లాడేది. గోధుమరంగు కోటు ఆమె ఒంటికి సరిపోయేలా అయింది. యుద్ధంలో జర్మను సైనికులు కాపలా గుడిసె కట్టడానికని మే నెలలో దిగితే, ఆ కోటు తొడుక్కుని వాళ్ళకెదురెళ్ళి, పెదవి మీద వేలు పెట్టి నిలబడింది. తుపాకులున్నవాళ్ళు మునివేళ్ళ మీద నడిచి పోయారు. జులైలో రండని వేళ్ళతో లెక్కపెట్టి చూపించింది. ఆ ఏడే ఓలియానా పోయింది. పోయేముందు కోడలి చెయ్యి పట్టుకుంది.

యుద్ధం అయ్యాక లోకం మారింది, ఫ్లేస్వేర్‌కి మాత్రం చెప్పలేదు. చేపలు పెద్ద ఓడల వెంట పోయాయి, కుర్రాళ్ళు ఓడల వెంట పోయారు. హోల్మెన్‌కి కరెంటు ఇస్తామన్నారు, స్తంభాలు చర్చి దీవి దాకా వచ్చి అక్కడ నిలబడిపోయాయి. బడిలో నలుగురు పిల్లలు మిగిలితే టీచరమ్మ బదిలీ పెట్టుకుంది. రాజధానిలో వెచ్చగా కూర్చున్న పెద్దలు ఒక కాగితం పంపించారు. దీవి ఖాళీ చేస్తే సర్కారు సాయం చేస్తుందట. కాకపోతే ఇళ్ళన్నీ సంతకం పెట్టాలి, ఒక్క ఇల్లు మిగిలినా ఎవరికీ లేదు. పొరుగువాళ్ళని పొరుగువాళ్ళ చేతే గెంటించే ఉపాయం ఏ తలకాయకి తట్టిందో గాని, గట్టి తలకాయే. 1964లో పంచాయతీ కూడా ఎత్తేశారు. ముద్రని, జనాభా పుస్తకాలని ఒక చెక్కపెట్టెలో పెట్టి స్టీమరు ఎక్కించారు. ముసలి అధ్యక్షుడు రేవులో టోపీ తీసి నిలబడ్డాడు, చచ్చిపోయినవాళ్ళకి నిలబడినట్టు.

హోల్మెన్‌లో నాలుగిళ్ళు సంతకం పెట్టాయి. అందరి కళ్ళూ పెత్రికా మీద. బాతులున్నంతకాలం ఆమె కదలదని అందరికీ తెలుసు. కదిలించింది మనుషులు కాదు. అవతలి ఒడ్డున ఎవరో బొచ్చు కోసం బోనుల్లో పెంచుకుంటున్న మింకులు తప్పించుకుని, రాయి నుంచి రాయికి ఈదుకుంటూ వచ్చాయి. ముంగిసంత జంతువు, గూట్లో దూరి, తినేది ఒకదాన్నయితే చంపేది పదింటిని. ఒక మే పొద్దున పెత్రికా గూటి తర్వాత గూడు వంగి చూస్తూ పోయింది. చివరి గూడు దాకా చూసి, అక్కడే నాచులో కూర్చుండిపోయింది. పై ఏడు మూడు బాతులు వచ్చాయి. 1966లో ఒక్కటీ రాలేదు. జూన్ చివరిదాకా కోటు తొడుక్కుని ఒడ్డున నిలబడింది. జులైలో సంతకం పెట్టింది.

ఆగస్టు నెలాఖరున సామానంతా రేవులోకి చేరింది. పెత్రికా అవతలి ఒడ్డు పట్టణంలో గున్వోర్ దగ్గరికి, సేవెరిన్ దక్షిణాన ఎవరో దూరపు చుట్టం దగ్గరికి. అతనికి గుండె బాగాలేదు. మళ్ళీ కలుస్తామని ఇద్దరూ అనుకోలేదు, అనలేదు. స్టీమరుకి ఇంకా రెండు గంటలుంది. ఆఖరి పెట్టెకి తాడు కట్టడానికి అతను వచ్చేసరికి ఆమె రెండు కప్పులు బల్లమీద పెట్టింది.

"కూర్చో."

"బూట్లు—"

"బూట్లు పొడిగానే ఉన్నాయి. ముప్ఫై రెండేళ్ళు నా గుమ్మంలో నిలబడే తాగావు. సాయంత్రానికి ఇది ఎవరి ఇల్లూ కాదు. కూర్చో సేవెరిన్."

కూర్చున్నాడు. చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని కాఫీ ఒక గుక్క తాగాడు.

"ఎల్లింగ్ ఆఖర్న ఏమన్నాడు?"

"చెప్పాను కదా వదినా. ఇంజను చప్పుడులో—"

"ఇంజను మోగలేదు."

అతను కప్పు దించేశాడు.

"ఆ ఇంజను సంగతి నాకు చెప్తావా? రెండు దీవులవతల దగ్గితే ఇక్కడ గిన్నెలు అదిరేవి. ఆ రోజు ఆ గుమ్మంలో ఒక గంటసేపు దాని కోసమే విన్నాను. మోగలేదు. నువ్వు పాస్టరుగారి ముందు చెప్తున్నప్పుడే నాకు తెలుసు అది అబద్ధమని."

"తెలిసి... ఇన్నాళ్ళూ..."

"నోరు మూసుకున్నాను. నాకది కావాల్సొచ్చింది. దయతలిచి ఇచ్చావు, కాదనకుండా తీసుకున్నాను. ఇంక చాలు. ఊదితే వినపడేది, ఆ సంగతి నన్నెవరూ ఒప్పించక్కర్లేదు. నేను అడిగేది వేరే. నన్ను తిట్టుకున్నాడా? నాకంటే దానికి బాతులెక్కువయ్యాయి అనుకుంటూ పోయాడా?"

"అడక్కు వదినా."

"అడుగుతున్నాను."

"అమ్మ నిన్ను చేసుకోమన్నప్పుడు నేనెందుకు కాదన్నాననుకున్నావు? నువ్వంటే ఇష్టం లేకా? నిన్ను తప్ప నేనెవర్నీ కన్నెత్తి చూళ్ళేదు. ఒకే కప్పు కింద కాపురముంటే ఏదో ఒకనాడు నోరు జారుతుంది. జారితే నువ్వు బతకవు. అందుకని నేనే దూరంగా పోయాను. ఇంతదాకా మోశాను, ఇంకో రెండేళ్ళు మోస్తాను. అడక్కు."

పెత్రికా బల్లకి అవతలి నుంచి చెయ్యి చాపి అతని మణికట్టు పట్టుకుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి అతన్ని తాకడం అదే మొదలు.

"చెప్పు."

సేవెరిన్ నేల చూస్తూ చెప్పాడు.

"మంచు పడగానే ఇంజను ఆపమన్నాడు. బూర వినాలి కదరా, ఇదేమో చెవులు గింగురుమనిపిస్తోంది అన్నాడు. తెడ్లేసుకుంటూ వచ్చాం. కాసేపటికి నాకు నాచు వాసన తగిలింది. అన్నయ్యా, ముసలమ్మ దగ్గరికొచ్చేశామేమో, ఆగుదాం అన్నాను. లేదురా, ఇంకా దూరమే, బూర వినపడలేదు కదా అన్నాడు. బాతుల రోజులు కదా, వదిన ఊదదేమో అన్నాను."

ఆమె చెయ్యి వదల్లేదు.

"నవ్వాడు వదినా. 'పెత్రికా సంగతి నీకు తెలీదురా. బాతులు కాదు, రాజుగారొచ్చి గూట్లో కూర్చున్నా సరే, నేను మంచులో ఉన్నానంటే అది ఊదకుండా ఉండదు. వినపడలేదంటే మనమింకా దూరంగా ఉన్నట్టే. వెయ్యి తెడ్డు' అన్నాడు. నాలుగు తెడ్లు వేశామో లేదో."

కిటికీ అవతల రేవులో ఎవరో పెట్టెలు లెక్కపెడుతున్నారు. పెత్రికా మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని ఇద్దరూ చాలాసేపు ఎదురుచూశారు.

"తిట్టుకుంటూ పోయాడనుకున్నాను సేవెరిన్," అంది చివరికి. "రోజూ పొద్దున్నే లేచి ఆ తిట్లు తినేసి, ఆ తర్వాతే పనిలోకి దిగేదాన్ని. అలా బతకడం వచ్చింది నాకు. అలవాటు చేసుకున్నాను. ఇప్పుడీ నమ్మకం పెట్టుకుని ఎలా బతకను?"

సేవెరిన్ చల్లారిన కాఫీ తాగేసి, లేచి, పెట్టెకి తాడు కట్టాడు.